మా భర్తల పేర్లు గట్టిగా అడిగించండి

ఎర్రగుంటపాడు,
దర్శి దారి, ప్రకాశం జిల్లా.
ఫిబ్రవరి, 1988.

పంచాయతీ ఎన్నికల అధికారి గారి సముఖమునకు,

ఎర్రగుంటపాడు మహిళా ఓటర్ల సంఘం అధ్యక్షురాలు, కీర్తిశేషులు జక్రయ్య గారి భార్య ఎలీసమ్మ వ్రాసుకున్న అర్జీ.

విషయం: రానున్న సర్పంచి ఎన్నికలో ఆడవారి వరుసలో ప్రతి ఒక్కరినీ భర్త పేరు తప్పక, అందరికీ వినబడేలా అడిగించుట గురించి.

అయ్యా,

1. మా ఊరిలో సర్పంచి పదవికి నిలబడిన అంకమ్మరావు గారు తమకు ఒక దరఖాస్తు పెట్టుకున్నట్లు తెలిసింది. మా ఊరి ఆడవారు భర్త పేరు పలకడానికి సిగ్గుపడతారు గనుక వారిని ఆ ప్రశ్న అడగవద్దనీ, తాను ముందుగా పంచే చీటీ చూపిస్తే చాలు, ఓటు వేయనివ్వాలనీ అందులో కోరారట. ఆడవారి మీద ఆయనకు పుట్టుకొచ్చిన ఈ దయ ఎటువంటిదో తమరికి విన్నవించుకోవడానికే ఈ అర్జీ.

2. 1981 ఎన్నికలో ఇదే అంకమ్మరావు గారు తన అన్నగారి తరఫున ఏజెంటుగా పోలింగు గదిలో కూర్చున్నారు. మా వైపు పెళ్ళయిన ఆడది భర్త పేరు నోటితో అనదు. అంటే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మలు చెప్పారు. హిందువులమైనా, క్రైస్తవులమైనా, సాయిబులమైనా ఈ ఒక్క విషయంలో మా మధ్య తేడా లేదు. ఆ సంగతి బాగా తెలిసే ఆయన ఒక్కొక్కరినీ ఆపి అడిగారు. మా వీరమ్మ కిటికీలో నుంచి చెయ్యి చూపించి, "అదుగోనండి, మగాళ్ళ లైన్లో తలకి తువాలు చుట్టుకున్నాయన" అన్నది.

"తువాలు పేరు మీద ఓటు లేదమ్మాయ్. ఇంటికి పో."

అమీర్‌బీ, "సైకిళ్ళు బాగుచేసే ఆయనండి" అన్నది.

"మొగుడి పేరు తెలియందానివి, నీకు ఓటెందుకే?"

గదిలో అందరూ నవ్వారు. పేర్లు చూసే ఉద్యోగి కూడా నవ్వాడు. నా వంతు వచ్చేసరికి నోరు తెరిచాను గాని మాట రాలేదు. ఆ విధంగా మా ఆడవారిలో చాలామందిని దొంగ ఓటర్లుగా తేల్చి బయటికి పంపడమైనది.

3. సాయంత్రం ఒక ట్రాక్టరు వచ్చింది. చిలకలూరిపేట నుంచి తెచ్చిన ఆడవారు అందులో నుంచి దిగారు. వారు మా భర్తల పేర్లు తడుముకోకుండా చెప్పి, మా ఓట్లు వేసి, సోడాలు తాగి వెళ్ళిపోయారు. వీరమ్మ భర్త ఆదెయ్య అప్పుడు గుమ్మం పక్కనే ఉన్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి తనను మొగుడని చెప్పడం చెవులారా విన్నాడు. వీరమ్మ ఇప్పటికీ ఆయన్ను ఆ సంగతి మీద సాధిస్తూనే ఉన్నది.

4. ఇది నా సొంత విషయము. అర్జీలో వ్రాయకూడదేమో తెలియదు. ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా ఆయన, "ఒక్కసారి అనవే ఎలీసమ్మా, నేనేమన్నా చచ్చిపోతానా" అని నవ్వాడు. నేను అనలేదు. తరువాత రెండేళ్ళకు పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. నేను పేరు పలకలేదు, అయినా ఆయన ఆయుష్షు తగ్గింది. ఇప్పుడు ఎంత గట్టిగానైనా అనగలను. జక్రయ్య. జక్రయ్య. వినే మనిషి లేడు. ఇందుకు కూడా నాకు అంకమ్మరావు గారి మీదే కోపంగా ఉన్నది. ఇది న్యాయమా కాదా అని తమరు విచారించనవసరం లేదు.

5. మా ఆయన పోయిన ఏడే సంఘం పెట్టాము. మేము కూలికి పోయేది అంకమ్మరావు గారి మిరప కల్లంలోకే. అక్కడే తాలుకాయలు ఏరుతూ, వంతులవారీగా ఒక్కొక్కరం లేచి నిలబడి భర్త పేరు గట్టిగా అనడం మొదలుపెట్టాము. వీరమ్మ మొదటిసారి "ఆదెయ్య" అని, మనిషి బతికి ఉన్నాడో లేదో చూడడానికి ఇంటికి పరుగెత్తింది. ఆయన గేదెకు మేత వేస్తున్నాడు. ఆనాటి నుంచి మాకు ధైర్యం వచ్చింది. మాది ఒక పార్టీ అని అంకమ్మరావు గారు ప్రచారం చేస్తున్నారు. రెండు పార్టీల వారూ వచ్చారు. ఒకరు చీరలన్నారు, ఒకరు మైకు అన్నారు. ఇద్దరినీ వచ్చిన దారినే పంపించాము. మేము పేరు పలకడం నేర్పుతాము, గుర్తు నేర్పము.

6. చీటీలు పంచేది ఎవరికో, మళ్ళీ ట్రాక్టరు ఎక్కేది ఎవరో తమరు గ్రహించగలరు. ఈసారి కూడా మా ఓటు ఇంకొకరు వేసిపోతే నేను ఆ గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను. ఇది బెదిరింపు కాదు, ముందస్తు సమాచారము.

కావున తమరు ఆ దరఖాస్తును తోసిపుచ్చి, మమ్మల్నందరినీ భర్త పేరు అడిగించగలరు. అభ్యర్థికి గదిలో ఉండే హక్కు ఉన్నదని తమ ఆఫీసులోనే చెప్పారు. అంకమ్మరావు గారు ఆ హక్కును పూర్తిగా వాడుకునేటట్లు చూడగలరు. ఆయన్ను ఆనాటి చోటనే, తలుపుకు ఎదురుగా కూర్చోబెట్టవలెను. ఉక్క అని, తలనొప్పి అని మధ్యలో లేచిపోనివ్వరాదు. మేము చెబుతున్నంతసేపు మా మొహాలు చూడవలెను. నవ్వదలచుకుంటే నవ్వవచ్చును.

క్షమించమని మా పాస్టరు గారు చెప్పారు. పోలింగు అయిన మర్నాడు తప్పక ఆలోచిస్తాను.

ఈ మనవిని చిత్తగించి, ఆయన కుర్చీ ఆయనకు ఇప్పించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
ఎలీసమ్మ

తా.క.: ఇది తమరు మనసులో ఉంచుకోవాలి. కల్లంలో మా పని చూసేది అంకమ్మరావు గారి భార్య వెంకటరావమ్మ గారు. ఇన్నాళ్ళూ పీట మీద కూర్చుని, నోటికి పమిట అడ్డం పెట్టుకుని మా పేర్లు వింటూ నవ్వేవారు. పోయిన నెల ఉన్నట్టుండి, "నేనూ ఒకసారి అంటానుండండే" అని లేచి నిలబడ్డారు. "అంకమ్మరావు!" అన్నారు. ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు రోజూ అంటున్నారు, మా అందరికంటే గట్టిగా. పోలింగు నాడు వరుసలో మొదట నిలబడేది తానేనని చెప్పారు. అందుకే ఆయన కుర్చీలో ఉండాలంటున్నాను. ఓటు ఎవరికి వేస్తారని మేమెవరమూ అడగలేదు. అలా అడగడం మా సంఘంలో తప్పు. ఎవరికో ఆమే చెప్పారు.