చిన్నోడి జీన్స్‌కు మొదటి ఉతుకు

చిన్నోడా,

నీ జీన్స్ వెనక వరండాలో, నీడలో ఆరేశాను. ఎండలోకి జరపకు, ఇస్త్రీ చేయకు. మాత్ర అన్నం తిన్నాకే వేసుకో. మోకాలి కుట్లు తడవనివ్వకు.

రంగు పోయిందేమోనని కంగారుపడకు. ఉతికేముందు డ్రైక్లీనింగ్ షాపు పెద్దాయనను అడిగాను. "వేడినీళ్లు పోస్తే రక్తం మరక అతుక్కుపోతుందమ్మా. సబ్బుపొడి వేస్తే మరకతో పాటు నీలం కూడా పోతుంది. తిరగేసి, చల్లనీళ్లలో నాలుగు చుక్కలు షాంపూ వేసి నానబెట్టు. బ్రష్ తగలనివ్వకు" అన్నాడు. అలాగే చేశాను, మరక పోయింది. పది నెలలు ఉతక్కుండా తొడిగి, మడతల దగ్గర రంగు వెలిసేలా నువ్వు తెప్పించుకున్న ఆ తొడల మీది తెల్లచారలు చెక్కుచెదరలేదు.

నిన్న నీ బండి లారీ కింద పడిందని ఫోన్ వచ్చాక ఆసుపత్రికి ఎలా వచ్చానో నాకే తెలియదు. తలుపు దగ్గరికి రాగానే లోపల నీ గొంతు వినపడింది: "సిస్టర్, కత్తెర వద్దండీ! ప్యాంటు నేనే విప్పుతాను!" అప్పటికి గానీ నాకు ప్రాణం లేచిరాలేదు. ఎముక విరగలేదని డాక్టరు తర్వాతెప్పుడో చెప్పాడు.

అయినా ఇంటికొచ్చాక "అక్కా, ప్యాంటు ఎలా ఉంది?" అని నాలుగుసార్లు అడిగావు. "నువ్వు తిన్నావా?" అని ఒక్కసారైనా అడిగావా?

డ్యూటీకి వేళయింది, వెళ్తున్నాను.

అక్క

ఇంకో మాట. బకెట్లో నీళ్లు మొదట ఎర్రగా దిగాయి. మూడోసారి మార్చాక నీలంగా దిగాయి. అప్పుడు అక్కడే పీట మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఇప్పుడు హాయిగా ఉంది.