తలగుడ్డ మీద హెల్మెట్

శుక్రవారం, కర్నూలు.

ఒళ్లంతా అలిసిపోయింది. కడపలో కార్ల షెడ్డు నడిపే నా కొడుకు ప్రసాదు ఆదివారం మద్రాసు ట్రాకు మీద పందెంలో కారు తోలుతాడు. హెల్మెట్ నేనే కొనిస్తానన్నాను. మా ఇద్దరి తలలూ ఒకటే కొలత.

అంగట్లో శెట్టి, "తలగుడ్డ తీసి పెట్టుకో పెద్దాయనా, బిగుతుగా ఉండాల" అన్నాడు.

"నా తలగుడ్డ తీయమనేకి నువ్వెవడప్పా?" అని కసిరాను. హెల్మెట్ లోపలి గుడ్డ మాత్రం నిప్పంటుకోనిదే అడిగాను, అంతవరకే నా తెలివి. తలగుడ్డ మీద సరిపోయినదే తెచ్చుకున్నాను.

ఇంట్లో తలగుడ్డ విప్పి పెట్టుకుంటే హెల్మెట్ కళ్ల మీదికి జారింది. తల ఊపితే గిరగిరా తిరిగింది. కారు బోల్తా కొడితే వాడి తల ఏం కావాలి?

ముప్పై ఏళ్లుగా నా బోడితల బయట ఎవరూ చూడలేదు. రేపు హెల్మెట్ మార్చుకునేకి శెట్టి ముందు తలగుడ్డ విప్పాలి. నవ్వితే నవ్వనీ. తలగుడ్డ మీద కొలత చూసిన సంగతి ప్రసాదుకు మాత్రం చెప్పొద్దంటాను...