ఆదివారం ఓవెన్ వెలిగించాం

విన్నీ తల్లీ, మేమిద్దరం లేచి తిరుగుతున్నాం, బెంగ పెట్టుకోకు. నా మణికట్లు పనిచేయడం లేదని తెలిసి, నర్సు చదువు మానేసి వచ్చేస్తానని రాశావు. మీ తమ్ముడు క్లిఫ్ పోయి ఆరు వారాలు. అప్పటినుంచి ఓవెన్ ముట్టలేదు. మొన్న ఆదివారం మీ నాన్న అడిగాడని బంగాళాదుంపలు ఉడకబెట్టాను. నీళ్లు వంచాక, దుంపల అంచులు చెదిరి ఓవెన్‌లో కరకరలాడేలా కాలడానికి గిన్నె మూతపెట్టి కుదపాలి కదా, అది క్లిఫ్ పని. నేను ఎత్తలేక అలాగే నిలబడిపోయాను.

మీ నాన్న లేచి వచ్చి, "ఇటు తేవే, ఎంతసేపు కుదపాలి?" అన్నాడు.

"వాడైతే పది లెక్కపెట్టేవాడు" అన్నాను.

ఆయన ఇరవై దాకా కుదిపాడు. సగం ముద్దయ్యాయి. "గనిలో పనిచేసిన చేతులివి, ఇంతకంటే నెమ్మదిగా ఆడవు" అన్నాడు. కాగిన కొవ్వులో వేసి గంటసేపు కాల్చాం. కరకరలాడే ముక్కల కోసం వాడితో ప్రతివారం పోట్లాడిన మనిషి, అవన్నీ ఏరి నా పళ్లెంలో పెట్టాడు. తనూ నాలుగు తిన్నాడు. "ఇకనుంచి గిన్నె నేను కుదుపుతాను, పిల్లని పరీక్ష రాయమను" అన్నాడు.

చలికోటు అందిందా? నీ దగ్గు తగ్గిందా? మీ అత్తకి రెండు ముక్కలు రాయి, అడుగుతోంది.

నిజానికి నిన్ను రమ్మని రాద్దామనే ఈ కార్డు కొన్నాను. నిన్ను చూడాలని ప్రాణం లాగుతోంది. అయినా పరీక్ష రాసే రా తల్లీ. దేవుడు నిన్ను కాపాడుగాక.

అమ్మ