వేషం వెయ్యని నలభై ఒక్క రోజులు

డిసెంబర్ 17, 2008. బుధవారం. సాయంత్రం 7:40

ఈ రోజు నుంచి దీక్ష! నలభై ఒక్క రోజులు. జనవరి 26తో ముగింపు. మాల లేదు, నల్లబట్టలు లేవు. ఐరన్‌వుడ్ ఆటలో వేషం వెయ్యను. అంతే దీక్ష.

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే నేనే మర్చిపోతాను. ఐరన్‌వుడ్ అంటే ఇంటర్నెట్‌లో ఆడే ఆట. కత్తులు, కోటలు, మంత్రాలు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఒకే అడవిలో తిరుగుతుంటారు. అక్కడ నేను వనపాలుడిని, అడవికి కాపలా. భద్రాచలంలో మాత్రం ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ కోటేష్‌ని.

నిన్న ఆటలో ముసలి రాజుకి అంత్యక్రియలు జరిపాం. చితి చుట్టూ అందరం తలలు వంచి నిలబడ్డాం. నిజంగానే నాకు కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడు ఎవడో పాండా వేషంలో వచ్చి చితి ముందు డ్యాన్సు మొదలుపెట్టాడు. వాడి వెనక ఇంకొకడు, పూల చొక్కా, నడుముకి ఈత ట్యూబు.

కంపెనీ వాళ్లు పండగకో వేషం ఊరికే పంచుతున్నారు. కవచం మీద తొడిగితే కవచం మాయం, వేషం ఒక్కటే కనబడుతుంది. బలం పెరగదు, తరగదు. ఉత్త షోకు. ఇలాగైతే అది అడవని ఎవడు నమ్ముతాడు?

నియమాలు:
1. ఉన్నది ఉన్నట్టు కనబడాలి. కవచమే.
2. ఆటలో గ్రాంథికమే మాట్లాడాలి. "ఓకే" నిషేధం. "అటులనే" అనాలి.
3. మంత్రద్వారంలో దూకి ఊరు మారకూడదు. నడకే. అడ్డదారి లేదు.
4. ఎవరు వేషం ఇచ్చినా పెట్టెలో పడెయ్యాలి.

నాతో పాటు దీక్షలో ఇద్దరు: నెట్ సెంటర్ నడిపే బెన్నీ, వాళ్ల చెల్లెలు ఫ్లోరెన్స్. ఆమె నర్సింగ్ చదువుతోంది, ఆటలోనూ వైద్యురాలే. మా గుంపుకి "వనదీక్షా దళం" అని పేరు పెడదామన్నాను. చర్ల రోడ్డు మీద బతుకుతూ దళం అనే మాట పైకి అనకు, నక్సలైట్లనుకుంటారు అన్నాడు బెన్నీ. సంఘం అని పెట్టుకున్నాం.

డిసెంబర్ 19. రాత్రి 8

అద్భుతం! కోట నుంచి కనుమ దాకా నడిచే వెళ్లాం. నలభై నిమిషాలు. దారిలో వాన. గొడుగు వేషం పెట్టెలోనే ఉంది, ముట్టుకోలేదు.

"కరెంటు పోతదేమో" అని టైపు చేశాడు బెన్నీ. మందలించాను. "మెరుపుదేవత అలుగునేమో" అని మళ్లీ టైపు చేయించాను. అతను "దే" దగ్గర ఉండగానే కరెంటు పోయింది.

డిసెంబర్ 21. ఆదివారం. కారేపల్లి తండా

శుభవార్త చెబుదామని ఇంటికొచ్చాను. ఈసారి ఉత్తమ ఉద్యోగి పత్రం నాకేనట. మా సూపరింటెండెంట్ నిర్మలాదేవి మేడం చెప్పారు. జనవరి 26న మైదానంలో, అందరి ముందు. కుటుంబాన్ని తీసుకురమ్మన్నారు.

యాడి, అంటే మా అమ్మ హేమ్లి, ఎన్ని గంటలకని అడిగింది. నేను టైం చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. చీర కట్టుకొస్తే బాగుంటుందన్నాను.

మా యాడి పుట్టి బుద్ధెరిగాక చీర కట్టలేదు. ఎర్రటి అద్దాల పేటియా, అంటే మా వాళ్ల గాగ్రా. రవిక నిండా పాత నాణేలు. చెంపల పక్కన జుట్టుకి వేలాడే వెండి ఘుగ్రీలు. మోచేతుల పైన తెల్లటి గాజులు. నడిచొస్తుంటే ఆమె కన్నా ముందు చప్పుడు వస్తుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి చూడ్డానికి వచ్చింది. పిల్లలు చుట్టూ మూగి అద్దాలు లెక్కపెట్టారు. నేను మరుగుదొడ్డి వెనక దాక్కున్నాను. ఇప్పుడు ఆమె భద్రాచలం వస్తే బస్టాండు నుంచి వెనక సందులో నా గదికి తీసుకెళ్తాను. ఆఫీసు ముందు నుంచి కాదు.

బస్సులో రష్, అద్దాలు పట్టుకుంటాయి, అన్నాను. "మంచిది బేటా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. హాయిగా ఉంది. కొంచెం హాయిగా లేదు కూడా.

డిసెంబర్ 24. సాయంత్రం

బెన్నీ ఆటలో క్రిస్మస్ తాత టోపీ బహుమతిగా ఇచ్చాడు. పెట్టెలో పడెయ్యబోయాను. పండగ పూట ఇచ్చింది అవతల పెడతావా అన్నట్టు చూశాడు. పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు మరి.

పెట్టుకున్నాను. టోపీ వేషం కిందికి రాదు. ఒళ్లంతా కప్పితేనే వేషం. ఒకటో నియమంలో ఈ సవరణ చేర్చాను.

డిసెంబర్ 25

వాళ్లింట్లో భోజనం. వాళ్ల అమ్మ జోజమ్మగారు కొసరి కొసరి వడ్డించారు. మూడుసార్లు కూర. ఆటలో టోపీ అలాగే ఉంది. తిన్నింటి మర్యాద.

డిసెంబర్ 30

పండగైపోయింది కదా, ఇంకా టోపీ ఏంటని ఫ్లోరెన్స్ అడిగింది. ఆటలో చలికాలం. మంచు పడుతోంది. నిజంగా అడవిలో ఉన్నవాడు చెవులు కప్పుకోడా? ఆలోచిస్తే టోపీ తియ్యడమే నమ్మేలా లేదు. తాను ఆ లెక్కన ఉన్ని బూట్లు వేసుకుంటానంది. కుందేలు చెవులున్న బూట్లు. అటులనే అన్నాను.

జనవరి 1, 2009

హ్యాపీ న్యూ ఇయర్! అందరికీ నల్ల కళ్లద్దాలు ఫ్రీ. మంచు మీద ఎండ పడితే కళ్లకి ప్రమాదం. వైద్యురాలు కూడా ఒప్పుకుంది.

బెన్నీ పాండా అయ్యాడు. లోపల కవచం ఉందిగా అంటాడు. ఉంది.

జనవరి 5. సోమవారం

నిర్మలాదేవి మేడం చర్ల వెళ్లమన్నారు. అడవి ఊళ్లలో పోడు భూముల దరఖాస్తులు పరిశీలించాలి. జీపు సగం దాకే, తర్వాత ఆరు కిలోమీటర్లు నడక. నాకు వెంటనే నడుం పట్టేసింది. మూడు రోజులు లీవు.

మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఐరన్‌వుడ్‌లో అడవి కాపలా. నడిచే తిరిగాను. మూడో నియమం మాత్రం చెక్కుచెదరలేదు!

జనవరి 8

కొత్త వేషం దిగింది. బిడారు రాణి. ఆడ పాత్రలకు మాత్రమే. ఫ్లోరెన్స్ తొడుక్కొచ్చింది.

ఎర్ర గాగ్రా. అద్దాలు. రవిక మీద నాణేలు.

నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఎండలో తిరిగితే అద్దాల్లో వెలుగు తిరుగుతోంది. ఎక్కడెక్కడి వాళ్లో చుట్టూ చేరారు. ఎంత అందంగా ఉందో, ఎక్కడ దొరికిందో అని ఇంగ్లీషులో ఒకటే పొగడ్తలు. ఒకడైతే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నేను సంఘాధ్యక్షుడి హోదాలో హెచ్చరిక టైపు చేశాను. అది సగంలో ఉండగానే నోరు జారాను. నాణేల వరస తప్పు, ఇంకా పైకి ఉండాలి, చెంపల పక్కన ఘుగ్రీలే లేవు, ఇది కుట్టినవాడికి ఏమీ తెలియదు అన్నాను.

"మీకెట్ల తెలుసన్నా?" అంది ఫ్లోరెన్స్.

పుస్తకంలో చదివానన్నాను.

జనవరి 10

నిద్ర పట్టలేదు. ఏ పుస్తకం?

జనవరి 11. ఆదివారం. సాయంత్రం 6

దీక్ష పట్టింది వనపాలుడు. కొత్త పాత్ర సృష్టిస్తే దానికి దీక్షతో సంబంధం లేదు. ఏ న్యాయస్థానమైనా ఒప్పుకుంటుంది.

సృష్టించాను. ఆడ పాత్ర. బిడారు రాణి వేషం తొడిగాను, పరిశీలన కోసం. రంగు మార్చుకోవచ్చు. గంటసేపు ఎరుపుల్లో వెతికాను. ఒకటి ముదురు, ఒకటి కుంకుమ, ఒకటి మరీ కొత్తగా ఉంది. చివరికి ఉతికి ఉతికి కాస్త వెలిసిన ఎరుపు దొరికింది. అదీ అసలు రంగు. పేరు అడిగింది ఆట. హేమ్లి అని కొట్టాను.

కోట వాకిట్లో నిలబెట్టాను. పదిహేడు మంది ఫోటోలు తీసుకున్నారు. గర్వంగా అనిపించింది. ఎందుకు రాయకూడదు, అనిపించింది.

వనపాలుడు మూడు రోజుల నుంచి ఆటలోకే రాలేదు. దీక్ష భద్రంగా ఉంది.

జనవరి 18. ఆదివారం. తండా

యాడి చీర కొనుక్కుంది. నీలం పూలది. పక్కింటి మంగ్లి కట్టడం నేర్పుతోంది. నాలుగడుగులు వేస్తే కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడుతున్నాయి. వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది, పరీక్షకి చదివినట్టు.

తర్వాత కూర్చుని మోచేతుల పైన నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. పెళ్లప్పుడు వేసిన గాజులు. ముప్పై ఏళ్లుగా ఊడలేదు. "చీరకు ఇవి బాగుండవు గద బేటా, ఇవి గూడ తియ్యాల్నా?" అని అడిగింది.

ఆ గాజులు మా వాళ్లలో మొగుడు పోతేనే తీస్తారు.

మా నాన్న చందూలాల్ మంచం మీద బీడీ కాలుస్తున్నాడు. ఇటు తిరిగి, మెల్లగా, "నేనింక బతికే ఉన్న గదరా" అన్నాడు.

వద్దు యాడి, తియ్యొద్దు, అని అక్కడే ఆపేసి ఉంటే బాగుండేది. సగమే ఆపాను. గాజులు ఉండనీ, పైన స్వెటర్ వేసుకో, కనబడవు అన్నాను. సిగ్గుగా ఉంది. రాస్తుంటే ఇంకా సిగ్గుగా ఉంది.

జనవరి 22

ఆఫీసు, ఆట, ఆఫీసు, ఆట. ఆటలో హేమ్లికి నూట నలభై మంది స్నేహితులు. నాకు ఇద్దరు.

జనవరి 25. ఆదివారం. సాయంత్రం 5:30

యాడి రేపు పొద్దున వస్తుందనుకున్నాను. ఇవాళే రెండు బస్సులు మారి వచ్చేసింది. గదికి తాళం. అడుగుతూ అడుగుతూ నెట్ సెంటర్‌కి వచ్చింది. నీలం చీర, గోధుమ రంగు స్వెటర్. చప్పుడు లేదు. నా భుజం వెనక నిలబడే దాకా తెలియలేదు.

తెర మీద ఎర్ర పేటియాలో హేమ్లి గుండ్రంగా తిరుగుతోంది. చుట్టూ జనం.

తెర ఆపెయ్యాలని మౌస్ వెతికాను. దొరకలేదు, చేతిలోనే ఉంది.

యాడి వంగి చూసింది. చెంపలకి ఘుగ్రీలు ఏవంది. ఎవరా పిల్ల అంది. ఫ్లోరెన్స్ తెర మీది పేరు చదివింది, హేమ్లి అని.

"నా పేరే గద" అంది యాడి. వాళ్లంతా ఎవరంటే వేరే వేరే దేశాల వాళ్లని చెప్పాను. "మరి ఆమెను ఆ బట్టలతోని రానిచ్చిన్రా బేటా, ఆడికి?"

బెన్నీ లేచి చాయ్ తెస్తానని బయటికి పోయాడు.

గదికి వచ్చాక పేటియా సంచిలో తెచ్చావా అని అడిగాను. తేలేదు. నువ్వు చెప్పినావు గదా అంది, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండేది.

జనవరి 26. సోమవారం. మధ్యాహ్నం 2

జెండా 9కి. ఎండ. యాడి ముందు వరసలో, స్వెటర్‌లో, చెమటలు కారుతూ.

ఉపన్యాసాల తర్వాత సాంస్కృతిక కార్యక్రమం. ఎనిమిది మంది హాస్టల్ అమ్మాయిలు వేదిక పక్కకి వచ్చారు. ఎర్ర గాగ్రాలు, ప్లాస్టిక్ అద్దాలు, అట్ట నాణేలు. ఖమ్మం నుంచి కిరాయికి తెచ్చారట. లంబాడీ నృత్యం అని మైకులో చెప్పగానే పెద్దసార్లంతా చప్పట్లు.

పాట మొదలవకముందే చివరి పిల్ల ముసుగు జారింది. దాని ఘుగ్రీలు చెంపలకి కాదు, చెవులకి పెట్టారు. పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. యాడి లేచి వెళ్లింది. చీరకుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని మరీ. ఘుగ్రీలు తీసి జుట్టుకి కట్టింది, ముసుగు సర్దింది. ఇంకో పిల్ల వచ్చింది. ఇంకో పిల్ల. స్వెటర్ చేతులు అడ్డం వస్తున్నాయని తీసి కుర్చీలో పడేసింది. మోచేతుల పైన గాజులన్నీ బయటపడ్డాయి.

నా పక్కన నిర్మలాదేవి మేడం. "ఆమెకు ఇవన్నీ ఎలా తెలుసు కోటేష్?"

పుస్తకం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు.

"మా యాడి, మేడం. రోజూ అవే కట్టుకుంటది. నేనే వద్దన్న."

మేడం నా వైపు చూశారు. తర్వాత నా పేరు పిలిచారు, వెళ్లి పత్రం తీసుకున్నాను. నీతి, నిజాయితీ అని రాసి ఉంది.

దీక్ష నలభై ఒకటో రోజు. ముగిసింది.

జనవరి 28. బుధవారం. ఉదయం 8

ఈ రోజు నుంచి మళ్లీ దీక్ష! నలభై ఒక్క రోజులు. మార్చి 9తో ముగింపు. ఈసారి ఐరన్‌వుడ్‌లో కాదు. అక్కడ ఎవడు పాండా అయినా నాకు అభ్యంతరం లేదు.

నియమాలు:
1. ఉన్నది ఉన్నట్టు కనబడాలి.
2. అడ్డదారి లేదు.

పాతవే. సవరణలు లేవు.

నాన్న సెల్లుకి ఫోన్ చేశాను. యాడి మాట్లాడింది. ఆదివారం రాముడి దర్శనానికి వస్తుందట, ఏం కట్టుకోవాలని అడిగింది. పేటియా అన్నాను. బస్సులో అద్దాలు పట్టుకోవా అంది. పట్టుకుంటే పట్టుకోనీ అన్నాను. బస్టాండుకి వస్తాను, ఆఫీసు ముందు నుంచే నడిచి పోదామన్నాను.

8:15

ఆదివారం ఆఫీసుకి సెలవు.

8:40

మళ్లీ ఫోన్ చేశాను. సోమవారం రమ్మన్నాను.