ఎవరి ఇసుక ఎవరిదో

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వెప్పుడూ వెళ్లే మన తీరం ప్లాను మీటింగుకి పోయిన నెల నేనే వెళ్లాను. ఆఫీసరు గోడకు పటం తగిలించి, మనం చేపలు ఎండబెట్టే ఇసుక చూపించి, “ఇది ఖాళీ స్థలం. ఇక్కడ హోటలు వస్తుంది” అన్నాడు.

“కాళీ ఏటి బాబూ? పొద్దున్నొచ్చి సూడు, కాలెట్టడానికి సోటుండదు” అంది పక్కింటి ఎర్రమ్మ.

“ఎవరి చోటు ఎక్కడో చెప్పగలరా?” అన్నాడాయన.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు వేరేవాళ్ల చోట చేపలు పరిచేస్తే, “ఓసి గుంటా, ఆళ్ల ఇసక మీద పరిసీసినావేటి!” అని తిట్టి, పడవల రేవు నుంచి నల్లరాయి దాకా ఎవరి చోటు ఎవరిదో నా చేత వల్లె వేయించావు కదా. లేచి అదే చెప్పాను. తల ఎత్తకుండా ముప్పై ఒక్క పేర్లూ చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

“నోట్లో నాలిక లేదనుకున్నాం, ఇదేటి రైలునాగ పోతంది!” అని ఎర్రమ్మ నవ్వింది.

నిన్న దిద్దిన పటం చూపించారు. హోటలు లేదు. ‘చేపలు ఎండబెట్టే స్థలం’ అని రాసి ఉంది. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మన చోటు దగ్గర నా పేరు చెప్పాల్సింది. అలవాటుకొద్దీ నీ పేరే చెప్పేశాను. మార్చమని అడగలేదు.

నీ కోడలు