నశ్యం జాడీ మూత

తాతయ్యకు,

కాలు కాస్త కుదుటపడిందనుకుంటాను. నశ్యం వాసన పోతోంది, కొట్టు మూసేయమని అత్తయ్యతో కబురు పంపారు. నేను మూయను.

వచ్చిన ప్రతివారికీ మర్యాదగా పెద్ద జాడీ తెరిచి చిటికెడు ఇవ్వడం మన అలవాటు కదా. అలా గాలి తగలడం వల్లే పొడి ఎండి వాసన పోతోంది. అందుకే కొత్త పొడి నింపి, జాడీ మూత బిగించి చీకటి అరలో పెట్టాను. ఆ పూటకు సరిపడా చిన్న డబ్బాలోకి తీస్తున్నాను.

"చదువుకున్న పిల్ల చిటికెడు పొడికీ పహారా పెట్టిందే!" అని దర్జీ మామ ఎగతాళి చేశాడు. డబ్బా అందించాను. పీల్చి, వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకున్నాడు. "మీ తాత కుర్రతనంలో అమ్మిన పొడి ఇదేనే పిల్లా!" అన్నాడు.

మీ పీట మీద నేనే కూర్చుంటున్నాను తాతయ్యా. మీరొచ్చేసరికి పక్కన ఇంకొకటి వేస్తాను.

మీ మనవరాలు