హెడ్‌ఫోన్స్‌లో మూర్తి వయొలిన్

శనివారం, ఆగస్టు 2006, అమీర్‌పేట

పంజాగుట్టలో మంచి హెడ్‌ఫోన్స్ కొందామని సాయంత్రం వెళ్లాను. సౌండ్ తేల్చుకోవడానికి నా సీడీయే తీసుకెళ్లాను. కాలేజీ పోటీలో నేను పాడిన కీర్తన అది, రూములోని డొక్కు స్పీకర్లలో ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు నాకు పక్కవాద్యం వాయించిన మూర్తి వయొలిన్‌తో నా గొంతు తొక్కేయబట్టే బహుమతి పోయింది. అప్పటినుంచి వాడితో మాటల్లేవు.

షాపులో అన్నిటికంటే ఖరీదైనది పెట్టుకున్నాను. తంబురా తీగలు కూడా విడివిడిగా వినిపించాయి. పై షడ్జం దగ్గర నా గొంతు శ్రుతి తప్పింది. ఆ క్షణంలోనే మూర్తి గట్టిగా వాయించి దాన్ని కప్పేశాడు. వెనక్కి తిప్పి విన్నాను. నేను తప్పిన ప్రతిచోటా వాడు అదే చేశాడు.

"ఎట్లుంది సార్? గిది మస్తు క్లియర్ ఉంటది," అన్నాడు సేల్స్‌మన్. వాడి నవ్వు చూస్తే ఒళ్లు మండింది.

"ఏం బాలేదండీ. దీనికింత రేటెందుకో," అన్నాను.

చవకది కొనుక్కొచ్చాను. మూర్తికి ఫోన్ చేయాలేమో. చేసి ఏమని చెప్పను...

ఇందాకే ఈ చవక హెడ్‌ఫోన్స్‌లో అదే పాట మళ్లీ విన్నాను. ఇందులో నేనెక్కడా తప్పలేదు. మూర్తే నన్ను తొక్కేస్తున్నాడు.